గడియారం తప్పిందా? ఫార్మాట్ కొట్టీయాలి సార్!

విశాఖపట్నంలో కంప్యూటర్లకు వచ్చే జబ్బులు సవాలక్ష. మందు మాత్రం ఒక్కటే, ఫార్మాట్. అంటే డిస్కు మొత్తం తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించడం. ఫ్యాను మోత పెట్టినా ఫార్మాట్, ప్రింటరు అలిగినా ఫార్మాట్, తెర మూలనున్న గడియారం నాలుగు నిమిషాలు వెనకబడినా ఫార్మాటే. ఇన్ని రోగాలకు ఒకే గుళిక కనిపెట్టలేకపోయిన ధన్వంతరి ఓసారి ఇటు వచ్చి, ఏదో ఒక కంప్యూటర్ షాపులో హెల్పరుగా చేరితే ఆయనకే మంచిది.

ఆ వైద్యం మీరూ చూసే ఉంటారు. రిటైరైన పెద్దాయన ఒకరు సీపీయూను పాత దుప్పటిలో చుట్టి, ఎంవీపీ కాలనీ నుంచి ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెస్తారు. కౌంటర్లో కుర్రాడు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకునే అడుగుతాడు.

"ఏటైంది సార్?"

"టైం నిలబట్లేదు బాబూ. పొద్దున్న సరిచేస్తే సాయంత్రానికి తప్పుతోంది. బ్యాంకు సైటు తెరుచుకోవట్లేదు."

కుర్రాడు సీపీయూ మీద అరచెయ్యి వేస్తాడు. నాడి చూడటం అన్నమాట. మూత విప్పడు. మల్టీమీటరు ముట్టడు. గడియారం ఎంత తప్పింది, ముందుకా, వెనక్కా, కరెంటు తీసినప్పుడా, నడుస్తున్నప్పుడా, ఒక్క ముక్క అడగడు. కళ్లు మూసి తెరుస్తాడు.

"వైరసు సార్. విండోసు కరప్టయిపోనాది. ఫార్మాట్ కొట్టీయాలి. డేటా ఏటైనా ఉందా?"

"ఉంది బాబూ."

"ఉంటే పోద్ది సార్."

ఎంత నిజాయితీ! ఏ కార్పొరేట్ ఆసుపత్రిలోనైనా ఆపరేషనుకు ముందు ఇంత సూటిగా చెబుతారా?

ఇదే ఊళ్లో 1840లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు సొంత డబ్బుతో నక్షత్రశాల కట్టించారు. ఆ కాలపు నక్షత్రశాలల్లో నక్షత్రం నడినెత్తి గీత దాటే క్షణాన్ని దూరదర్శినిలో పట్టి, గడియారం ఎంత తప్పిందో ముందు లెక్క కట్టేవారు. ఆ తర్వాతే దిద్దేవారు. గడియారం తప్పిందని గోడలు కూల్చి కొత్త భవనం కట్టుకోలేదు. పాతకాలం మనుషులు, ఫార్మాట్ తెలీదు పాపం.

సరే, ఆ పాతకాలం పద్ధతి ఎలా ఉంటుందో చూద్దాం. తేడా సరిగ్గా అయిదున్నర గంటలుందా? అది వైరసూ కాదు, బ్యాటరీ కూడా కాదు. ఒకే డబ్బాలో విండోస్, దానిలాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ కాపురం ఉంటున్నాయేమో చూడండి. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది భారత కాలమని విండోస్, గ్రీనిచ్ కాలమని లైనక్స్ అనుకుంటాయి. ఒకటి దిద్దింది రెండోది చెడగొడుతుంది. విండోస్ సెట్టింగుల చిట్టా అయిన రిజిస్ట్రీలో టైమ్‌జోన్ ఇన్ఫర్మేషన్ కింద 'రియల్‌టైమ్ ఈజ్ యూనివర్సల్' అని ఒక విలువ చేర్చి 1 అని పెడితే తగాదా తీరిపోతుంది. దీనికీ ఫార్మాట్ కొట్టి, లైనక్స్‌ను సమూలంగా తుడిచేసి, "చూశారా, సెట్టయిపోనాది" అనే మహానుభావులున్నారు. తలనొప్పి తగ్గింది నిజమే. తల లేదు కదా.

రాత్రి స్విచ్ బోర్డు ఆపేసి పొద్దున్న తెరిచేసరికి తేదీ ఎక్కడో పాత సంవత్సరానికి పోతోందా? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. ప్లగ్ పీకండి. పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వండి. మల్టీమీటరు డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి బ్యాటరీని కొలవండి. కొత్తదైతే 3 వోల్టుల పైన చూపిస్తుంది, 2.8 కంటే దిగితే మార్చేయడమే. ప్లగ్ పీకే ముందే, కంప్యూటరును నిద్ర లేపే ప్రోగ్రామైన బయోస్‌లో డిస్క్ ఏ మోడ్‌లో ఉందో, అంటే ఏహెచ్‌సీఐనా, రెయిడా, ఫొటో తీసి పెట్టుకోండి. బ్యాటరీ తీస్తే బయోస్ అన్నీ మరిచిపోవచ్చు, అప్పుడు విండోస్ అసలు లేవకపోవచ్చు, అప్పుడు మళ్లీ ఎవరి దగ్గరికి వెళ్లాలో మీకు తెలుసు. ఇంకోటి, సముద్రానికి దగ్గర్లో ఇల్లయితే బ్యాటరీ కూర్చునే రేకు మీద ఉప్పుగాలికి చిలుము పట్టి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవకుండా ఎన్ని బ్యాటరీలు మార్చినా దండగే.

కంప్యూటరు నడుస్తూ నడుస్తూనే మెల్లగా తప్పుతోందంటే అది నెట్ నుంచి టైం తెచ్చుకోవడం లేదని అర్థం. లోపల సమయం లెక్కపెట్టే స్ఫటికానికి పది లక్షల్లో 20 వంతుల తేడా మామూలే. అంటే రోజుకు సుమారు 1.7 సెకన్లు, రెండు వారాలకు 24 సెకన్లు, అంటే ఒక విఘడియ. పెళ్లి ముహూర్తం చూసే పంతులుగారికి తప్ప ఎవరికీ నష్టం లేదనుకోకండి. బ్యాంకు, ఆఫీసు లాగిన్లకు ఆథెంటికేటర్ యాప్ ఇచ్చే ఆరంకెల కోడ్ మామూలుగా 30 సెకన్లకోసారి మారుతుంది. అది లెక్క కట్టే యంత్రం గడియారం నిమిషం తప్పితే మీరు మీరు కాదంటుంది. తేదీ ఏళ్ల వెనక్కి పోతే, ప్రతి సైటు సర్టిఫికెట్టూ ఇంకా పుట్టనే లేదని బ్రౌజరు వాదిస్తుంది. పెద్దాయన బ్యాంకును తిట్టుకుంటారు.

కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరిచి 'డబ్ల్యూ32టీఎం స్లాష్ క్వెరీ స్లాష్ స్టేటస్' కొడితే సోర్స్ అన్న వరుసలో విషయం తేలిపోతుంది. అక్కడ 'లోకల్ సీమాస్ క్లాక్' అని, అంటే కంప్యూటరు సొంత గడియారమేనని ఉంటే, పరీక్షలో కుర్రాడు తన పేపరు తనే దిద్దుకుంటున్నట్టు. సర్వీసెస్‌లో విండోస్ టైమ్‌ను ఆటోమేటిక్ చేయండి. పాత విండోస్‌లు వారానికోసారి మాత్రమే టైం అడిగేవి, అది కూడా గుర్తుంచుకోండి. అదే డబ్ల్యూ32టీఎం పక్కన 'స్లాష్ రీసింక్', అంటే టైం మళ్లీ తెచ్చుకోమని, కొట్టినా టైం డేటా దొరకలేదంటే, నెట్ నుంచి టైం వచ్చే ద్వారమైన యూడీపీ 123 పోర్టును ఫైర్‌వాలో, రౌటరో మూసేసిందేమో చూడాలి. 'స్లాష్ స్ట్రిప్‌చార్ట్' కొడితే, టైం చెప్పే ఏ సర్వరుకు మనం ఎన్ని సెకన్ల తేడాలో ఉన్నామో వరసగా చూపిస్తుంది. ఇదంతా చేయడానికి పావుగంట చాలు. ఫార్మాట్ కొట్టి డ్రైవర్లు వేయడానికి పూట పడుతుంది. కానీ పావుగంట పనికి బిల్లు ఎలా రాస్తాం?

అన్నింట్లోకీ అందమైన కేసు ఇంకోటి. పగలంతా కుదురుగా ఉండి, రాత్రి తొమ్మిదయ్యేసరికి గడియారం గంతులేస్తుంది. డేవిడ్ మిల్స్ రూపొందించగా 1985లో తొలి ప్రమాణంగా అచ్చయిన, నెట్ మీద టైం అడిగి తెచ్చుకునే ఎన్‌టీపీ పద్ధతిలో, ప్రశ్న వెళ్లడానికీ జవాబు రావడానికీ ఒకే సమయం పడుతుందని ఒక నమ్మకం ఉంది. రాత్రి పూట ఇంట్లో ఎవరో బీచ్ రోడ్డు వీడియో ఎక్కిస్తుంటారు. వెళ్లే దారి కిక్కిరిసి 300 మిల్లీసెకన్లు, వచ్చే దారి ఖాళీగా 20. తేడాలో సగం, అంటే 140 మిల్లీసెకన్లు, గడియారానికి అబద్ధంగా అంటుకుంటుంది. లైనక్స్‌లో టైం దిద్దడానికి వాడే పాత ప్రోగ్రాము ఎన్‌టీపీడీ 128 మిల్లీసెకన్లు దాటిన తేడా కాసేపు నిలిస్తే చాలు, మెల్లగా జరపడం మానేసి ఒక్క గెంతు గెంతుతుంది. అప్‌లోడ్ అయిపోయిన కాసేపటికి వెనక్కి గెంతుతుంది. అలాంటిదే ఇంకో ప్రోగ్రాము క్రోనీకి మారి, 'మ్యాక్స్‌డిలే' అనే హద్దు పెట్టి ఆలస్యంగా వచ్చిన జవాబులను తోసిపుచ్చితే సరి. సర్వర్లు నాలుగైనా పెట్టండి. ఇద్దరు పంతుళ్లు చెరో ముహూర్తం చెబితే ఎవరిది తప్పో తేల్చలేం, నలుగురుంటే అబద్ధమాడినవాడు ఒంటరిగా దొరికిపోతాడు. టైం చెప్పే సర్వర్ల గుంపు (పూల్)లో మన దేశానివీ ఉన్నాయి, భారత కాలాన్ని కాపాడే ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వరుంది. ఒకే కంప్యూటర్లో టైం దిద్దే ప్రోగ్రాములు రెండు మాత్రం పెట్టకండి, ఒకే స్టీరింగుకు ఇద్దరు డ్రైవర్లవుతారు.

ఇంతసేపూ నవ్వాం. కానీ ఆ "ఉంటే పోద్ది సార్" దగ్గర నవ్వు రాదు. ఆ డిస్కులో ఏముందో ఆ కుర్రాడికి తెలుసా? పోయిన భార్య గొంతు ఉంటుంది, మనవడి అన్నప్రాశన ఉంటుంది, హుద్‌హుద్ తుపాను మర్నాడు తీసిన, కూలిన ఇంటిముందు చెట్టు ఫొటో ఉంటుంది. 2014 అక్టోబరు 12న అంత గాలి తట్టుకుని మిగిలినవి, ఒక దోశ ఖరీదు చేయని బ్యాటరీ కొలవడానికి బద్ధకించిన వాడి చేతిలో పోతాయి. అడగనైనా అడగరు, ముందు వేరే డిస్కులోకి కాపీ తీస్తామని అననైనా అనరు. పెద్దవాళ్లకు తెలియదు కదా, ఎదురు చెప్పరు కదా! తెలియని వాళ్ల దగ్గర తెలిసినట్టు నటించి వాళ్ల జ్ఞాపకాలు చెరిపేయడానికి సర్వీస్ ఛార్జీ వేరేనా? సిగ్గుండాలి.

సాయంత్రం పెద్దాయన మళ్లీ ఆటోలో వస్తారు. కంప్యూటరు తళతళలాడుతుంటుంది. కొత్త విండోస్, కొత్త వాల్‌పేపరు, ఖాళీ డిస్కు. ఇంటికెళ్లి ప్లగ్ పెట్టేసరికి గడియారం మళ్లీ అర్ధరాత్రి పన్నెండు, ఎన్నో ఏళ్ల కిందటి జనవరి ఒకటి. పాత బ్యాటరీ పాత చోటే ఉంది మరి. బిల్లు మీద తేదీ మాత్రం నిక్షేపంగా ఉంది, చేత్తో రాశాడు కనక.