పేరులో ఊరు లేని జట్టు

2024 సెప్టెంబర్ 26. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కొలీజియం స్టేడియంలో అథ్లెటిక్స్ బేస్‌బాల్ జట్టు చివరి ఆటకు 46,889 మంది వచ్చారు. టెక్సాస్ రేంజర్స్‌పై 3-2తో గెలిచారు. ఆట ముగిశాక మైదానం సిబ్బంది అక్కడి మట్టిని చిన్న కప్పుల్లోకి ఎత్తి అభిమానుల చేతుల్లో పెట్టారు. 57 సీజన్ల అనుబంధంలో వాళ్లు ఇంటికి తీసుకెళ్లింది ఆ గుప్పెడు మట్టే.

ప్రేక్షకులు రావడం లేదు కాబట్టే జట్టు వెళ్లిపోయిందన్న వాదన నాకు అన్యాయంగా తోస్తుంది. 2022 సీజన్‌కు ముందు మ్యాట్ ఓల్సన్, మ్యాట్ చాప్‌మన్‌లాంటి మేటి ఆటగాళ్లను వదులుకున్నారు. టికెట్ల ధరలు మాత్రం పెంచారు. 2023లో జట్టు 112 ఆటలు ఓడింది. దీన్ని మన భాషలో పొమ్మనలేక పొగబెట్టడం అంటారు. అయినా 2023 జూన్ 13న 27,759 మంది పట్టుబట్టి స్టేడియానికి వచ్చారు. వారిలో వేలమంది తొడుక్కున్న ఆకుపచ్చ టీషర్టులపై ఒకే మాట: 'అమ్మెయ్యి'. అది యజమాని జాన్ ఫిషర్‌కు చెప్పిన మాట. ఆటగాళ్ల మీద వాళ్లకు కోపం లేదు.

కొలీజియం శిథిలావస్థకు చేరిన మాట నిజం. మురుగునీరు పొంగిన సందర్భాలూ ఉన్నాయి. కానీ కొత్త స్టేడియం కోసం ఈ ప్రాంతంలో వేసిన పథకాలన్నీ కాగితాల మీదే ఆగిపోయాయి. తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన ఫ్రీమాంట్‌లో కడతామని 2006లో ప్రకటించి, 2009లో విరమించుకున్నారు. చివరికి 2023లో నెవాడా రాష్ట్రం, తమ లాస్ వేగాస్‌లో స్టేడియానికి 38 కోట్ల డాలర్ల వరకు ప్రజాధనం ఇస్తామంది. అదే ఏడాది నవంబరులో బేస్‌బాల్ లీగ్‌లోని జట్ల యజమానులంతా లాస్ వేగాస్ తరలింపునకు ఏకగ్రీవంగా ఓటేశారు.

అక్కడ స్టేడియం పూర్తయ్యేదాకా శాక్రమెంటోలో మకాం. అది సుమారు 14,000 మంది పట్టే కింది స్థాయి లీగ్ మైదానం. జట్టు పేరులో ఓక్లాండ్ పోయింది, శాక్రమెంటో చేరలేదు. 2025లో అక్కడ ఆడిన తొలి ఆటలోనే షికాగో కబ్స్ చేతిలో 18-3తో ఓడారు. ఆ తర్వాత కుర్రాళ్లు నిలదొక్కుకున్నారు. జులై 25న నిక్ కర్ట్జ్ ఒకే ఆటలో నాలుగు హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్లలాంటివి) కొట్టాడు. కొత్త ఆటగాడెవరూ అంతకుముందు సాధించని ఘనత అది. సీజన్ ముగిసేసరికి 76 విజయాలు, 86 ఓటములు.

చాలా ఏళ్ల తర్వాత చూడముచ్చటైన జట్టు తయారవుతోంది. లాస్ వేగాస్ స్టేడియం 2028కి సిద్ధం కావాలి. అందాకా కర్ట్జ్ తరం ఎదుగుదలంతా అరువు మైదానంలోనే. 112 ఓటముల ఏడాదిలోనూ స్టేడియానికి తరలివచ్చిన ఓక్లాండ్ అభిమానులకు అది టీవీలో తప్ప కనిపించదు.