హాంకాంగ్ పడవ మనుషుల గురించి ఒక తప్పుడు మాట

శరణార్థుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా సామాజిక మాధ్యమాల్లో ఒక మాట చేతులు మారుతూ ఉంటుంది: హాంకాంగ్‌కు పడవల్లో చేరిన వియత్నామీయులంతా పొట్టకూటికి వచ్చినవారేననీ, ఆ సంగతి ఐక్యరాజ్యసమితే విచారించి తేల్చిందనీ, వారిని శిబిరాల్లో ఉంచింది కొన్నాళ్లేననీ, చివరికి అందరూ ఇష్టపూర్వకంగానే వెళ్లిపోయారనీ.

ముందుగా, తేల్చింది ఎవరు? 1988 జూన్ 16 నుంచి వచ్చినవారిని అక్రమ వలసదారులుగా లెక్కగట్టి, శరణార్థులమని నిరూపించుకొమ్మన్నది నాటి బ్రిటిష్ హాంకాంగ్ ప్రభుత్వం. విచారించింది దాని వలస శాఖ అధికారులే. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ పక్కనుండి గమనించేది, కొన్ని తిరస్కరణలను సరిదిద్దేది, అంతే. తొలి విచారణలో దరఖాస్తుదారు పక్కన న్యాయవాది ఉండేవాడు కాదు. వియత్నామీ భాషలో చెప్పుకున్న గోడు దుబాసీ నోట మారి, అధికారి చేతిలో ఇంగ్లీషు కాగితమయ్యేది.

పొట్టకూటి మాటకొస్తే, పేదరికం వల్లనే బయలుదేరినవారు ఉన్నారు, కాదనను. అయితే తండ్రి 1975లో కమ్యూనిస్టుల చేతిలో ఓడిన పాత దక్షిణ వియత్నాం సైన్యంలో పనిచేసిన పాపానికి ఒక కుటుంబాన్ని ‘కొత్త ఆర్థిక మండలాల’ పేరిట బీడు భూములకు తరిమి, రేషను బియ్యానికి ఆధారమైన నగర నివాస నమోదు పత్రం దక్కకుండా చేస్తే, ఆ ఇంటి ఆకలిని రాజకీయం నుంచి ఏ అధికారి విడదీయగలడు?

‘కొన్నాళ్లే’ అన్నది శుద్ధ అబద్ధం. వైట్‌హెడ్ వంటి శిబిరాల్లో ముళ్లకంచెల వెనుక, రేకుల షెడ్లలో మూడంతస్తుల మంచాలు ఉండేవి. గుడ్డ తెర కట్టుకున్న ఒక్క అంతస్తే ఒక కుటుంబానికి ఇల్లు. అలా ఏళ్లు గడిచాయి. వియత్నాం తిరిగి తీసుకోదని తెలిసిన వ్యక్తులను కూడా ‘పంపించడానికే’ అన్న సాకుతో బంధించి ఉంచడం చెల్లదని 1996లో టాన్ టె లామ్ కేసులో, అప్పటికి హాంకాంగ్‌కు చివరి అప్పీలు కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ చెప్పవలసి వచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన సూత్రం, 1980లలో హర్దియాల్ సింగ్ అనే భారతీయుడు బ్రిటన్‌లో నడిపిన కేసు నుంచి వచ్చినదే.

ఇక ఇష్టపూర్వకం సంగతి. తిరిగి వెళ్లేవారికిచ్చే భత్యం తీసుకుని తామే వియత్నాంకు వెళ్లినవారు వేలల్లో ఉన్నారు, అయితే తాళం వేసిన కంచె లోపల ఏళ్ల తరబడి ఉన్నాక పెట్టిన సంతకం అది. సంతకం కూడా అడగని రోజు 1989 డిసెంబరు 12. ఆ రోజు తెల్లవారకముందే పోలీసు బలగం 51 మందిని లేపి, విమానమెక్కించి హనోయ్‌కి పంపింది. వారిలో అత్యధికులు స్త్రీలు, పిల్లలు.