త్యాగయ్య మీద తిరుగుతున్న ఆ ‘ఆరు నిజాలు’

త్యాగయ్య సిద్ధి పొందిన పుష్య బహుళ పంచమి దగ్గర పడిందంటే చాలు, ‘త్యాగరాజస్వామి గురించి మనకు చెప్పకుండా దాచిన ఆరు నిజాలు’ అనే సందేశం ఫోనులోకి వచ్చి పడుతుంది. ఈ ఏడాది ఇప్పటికి పదకొండు సార్లు వచ్చింది. మా బాబాయి పంపారు, కాలేజీ స్నేహితులు పంపారు. చివరికి నాకు సరళీ స్వరాలు దిద్దించిన మాస్టారి అబ్బాయి కూడా పంపాడు. ఇన్నాళ్లూ చూసీ చూడనట్టు వదిలేశాను. ఆ ఇంటి నుంచి కూడా వచ్చాక ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

చదవనివాళ్ల కోసం అందులో ఉన్నది ఇదీ. స్వామి 24,000 కృతులు రాస్తే అన్నగారు కావేరిలో కలిపేయగా మనకు కొన్నే మిగిలాయట. ‘ఎందరో మహానుభావులు’ కేరళ నుంచి వచ్చిన షట్కాల గోవింద మారార్‌ను చూసి అప్పటికప్పుడు పాడినదట. ముత్తుస్వామి దీక్షితులు అమృతవర్షిణి రాగంతో వాన కురిపించారట. వయొలిన్ మన వాద్యమేనట, తెల్లవాళ్లు ఎత్తుకుపోయారట. దేవదాసీల పాలబడి భ్రష్టమైపోతున్న సంగీతాన్ని పండితులు శుద్ధి చేసి కాపాడారట. ఆరోది, మన త్యాగయ్యను తమిళులు దొంగిలించారట. కింద ‘తెలుగువాడివైతే పదిమందికి పంపు’ అని ఒక ఆజ్ఞ.

వాన సంగతి ముందు తేల్చేస్తాను. ఆ రాగంలో దీక్షితులు పాడిన కృతిలో ‘సలిలం వర్షయ వర్షయ వర్షయ’ (నీరు కురిపించు) అని అమ్మవారిని వేడుకున్న మాట నిజం. ఎట్టయపురంలో వాన కురిసిందన్నది భక్తుల నమ్మకం. నమ్మేవాళ్లతో నాకు తగవు లేదు. దాన్ని ‘శాస్త్రీయంగా రుజువైంది’ అని రాసినవాళ్లతో మాత్రమే ఉంది. ఎవరు రుజువు చేశారో, ఎక్కడ చేశారో ఒక్క ముక్క రాయలేదు.

24,000 లెక్క వాల్మీకి రామాయణంలోని శ్లోకాల లెక్క. రాముడి కోసం బతికిన మనిషికి రామాయణమంత సంఖ్యను ఎవరో భక్తితో అంటగట్టారు. అందులో అందం ఉంది, నేనూ కాదనను. కానీ దాన్ని జమాఖర్చుల చిట్టాలా చదివితే ఎలా? అరవై ఏళ్లు ఏకబిగిన రాసినా ఏడాదికి నాలుగు వందలు, అంటే రోజుకు ఒకటి కంటే ఎక్కువ. మనకు దొరుకుతున్నవి సుమారు 700. ఈ తేడాను పూడ్చడానికి సందేశం రాసినవారు అన్న జపేశుడి మీద పడ్డారు. ఆయన తమ్ముడి పూజావిగ్రహాలను కావేరిలో పారేశారన్న కథ మనందరికీ తెలుసు. ఆ కథలో విగ్రహాల స్థానంలో వేల కృతులను చేర్చినవారు ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది. కృతులు ఒక అటకమీద కట్టగట్టి లేవు. శిష్యులు ఎవరికి వారు నేర్చుకున్నారు, ఎవరి ప్రతి వారు రాసుకున్నారు. ఒక్క ఇంట్లో జొరబడి అన్నింటినీ నాశనం చేయడం ఎవరి తరమూ కాదు.

గోవింద మారార్ తిరువయ్యారు వచ్చారని, జయదేవుడి అష్టపదిని ఆరు కాలాల్లో, అంటే ఆరు వేగాల్లో, పాడారని గురుపరంపరలో చెప్పుకుంటారు. ఆయన 1798లో పుట్టి 1843లో పోయారు కాబట్టి కాలం కూడా సరిపోతుంది. అయితే కృతి మొత్తం చదవండి. స్వామి నమస్కరించినవారిలో నారదుడు, ప్రహ్లాదుడు, శుకుడు, సూర్యచంద్రులు కనిపిస్తారు. ఆ రోజు ఎదురుగా కూర్చున్న గాయకుడి జాడ ఒక్క చరణంలోనూ లేదు. కథగా చెప్పుకోండి, చరిత్రగా పంపకండి.

ఇక వయొలిన్. ఇప్పుడు మనం చూసే వయొలిన్ 16వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో రూపు దిద్దుకుంది. దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవారిలో ముందు వరసలో చెప్పుకునే పేరు దీక్షితుల తమ్ముడు బాలుస్వామిది. మద్రాసు కోటలో కంపెనీ బ్యాండు వాయించే పాశ్చాత్య స్వరాలను ఆ అన్నదమ్ములు విన్నారు. అన్నగారు ఆ వరసలకు సంస్కృత సాహిత్యం కట్టారు. ‘సంతతం పాహిమాం’ వినండి, ఇంగ్లండు రాజు పాట వరసే వినిపిస్తుంది. తమ్ముడు వాద్యాన్నే పట్టుకున్నారు. నిలబడి గడ్డం కింద నొక్కిపట్టే వాద్యాన్ని మనవాళ్లు బాసిపట్టు వేసుకుని కూర్చుని, దాని తల కుడిపాదం మీద ఆనించి, తీగలను మన షడ్జ పంచమాలకు (స, ప స్వరాలకు) శ్రుతి చేసి, ఎడమచేతిని స్వరాన్ని ఊపుతూ పలికించే గమకానికి అలవాటు చేశారు. పరాయి వాద్యం చేత తోడి రాగాన్ని పలికించడం కంటే గొప్ప ఏముంటుంది? ఇంత ఘనత మన చేతిలో ఉండగా ‘ఎత్తుకుపోయారు’ అని లేని ఘనత ఎందుకు?

ఇప్పటిదాకా చెప్పినవి తెలియక రాసినవి అనుకుని క్షమించవచ్చు. అయిదో అంశాన్ని క్షమించలేను. అక్కడ రాసిన వాక్యం ఇది: ‘ఒక దేవదాసి పాపపరిహారం కోసం కొంత చందా ఇచ్చింది, సంగీతాన్ని నిలబెట్టింది మాత్రం పండితులే.’

ఆ ‘ఒక దేవదాసి’కి పేరుంది. బెంగళూరు నాగరత్నమ్మ. 1878లో నంజనగూడులో పుట్టారు. కన్నడం, తెలుగు, సంస్కృతం చదువుకున్నారు. తంజావూరు ఆస్థానంలోని ముద్దుపళని రాసిన ‘రాధికాసాంత్వనము’ కావ్యాన్ని వెతికి, పరిష్కరించి 1910లో అచ్చు వేయించారు. అశ్లీలమని ప్రభుత్వం నిషేధించినా వెనక్కి తగ్గలేదు. టంగుటూరి ప్రకాశం పూనికతో ఆ నిషేధం తొలగేదాకా ఆవిడ బతికే ఉన్నారు. అలాంటి విదుషిని పేరు కూడా లేకుండా ‘చందా ఇచ్చింది’ అనడానికి చెయ్యెలా వచ్చింది?

1847లో స్వామి సిద్ధి పొందాక ఆ సమాధి ఏళ్ల తరబడి పొదల్లో పడి ఉంది. 1903లో స్వామి శిష్యులైన ఉమయాళపురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ దాన్ని బాగుచేయించారు. ఆ తర్వాత ఏటా స్వామి సిద్ధి పొందిన రోజున అక్కడ పాడి పూజించే ఆరాధనలు మొదలుపెట్టిన విద్వాంసుల శ్రమను నేను తక్కువ చేయను. కానీ వాళ్లు తొందరలోనే రెండు వర్గాలుగా చీలి, ఎవరి ఆరాధన వారు చేసుకుంటూ పోయారు. సమాధి మళ్లీ శిథిలమైంది. ఆ స్థితి చూసి గురువు బిడారం కృష్ణప్ప రాసిన ఉత్తరం అందుకుని నాగరత్నమ్మ కదిలారు. జీవితమంతా పాడి సంపాదించినది ఖర్చుపెట్టి స్థలం సమకూర్చి, 1921లో పని మొదలుపెట్టి, 1926లో ప్రతిష్ఠ చేయించారు. స్వామికి అష్టోత్తర శతనామావళి కూడా ఆవిడే రాశారు. మనం తిరువయ్యారు వెళ్లి చెప్పులు విప్పి లోపల అడుగుపెట్టే ఆ గుడి అదే.

తర్వాత ఏమైందో కూడా సందేశంలో రాయాల్సింది. ఆ గుడి కట్టించిన మనిషిని అక్కడ పాడనివ్వలేదు. రెండు వర్గాల ఆరాధనల్లోనూ స్త్రీలకు చోటు లేదు. ఆవిడ ఏడుస్తూ ఇంట్లో కూర్చోలేదు. 1920ల చివర్లో తోటి గాయనులను కూడగట్టుకుని, గుడి వెనక భాగంలో స్త్రీల ఆరాధన మొదలుపెట్టారు. దానికి జనం వచ్చారు. 1940 ప్రాంతంలో అన్ని వర్గాలూ కలవక తప్పలేదు, స్త్రీలకు చోటివ్వకా తప్పలేదు. ఇప్పుడు టీవీలో చూస్తూ మనం పులకించిపోయే ఆ వందల గొంతుల పంచరత్న గోష్ఠి, అంటే స్వామి అయిదు పంచరత్న కృతులను అందరూ కలిసి పాడటం, ఆ కలయిక తర్వాత స్థిరపడిన పద్ధతే. స్వామి కాలం నుంచీ వస్తున్నది కాదు. తన ఆస్తిని గుడికి రాసిస్తూ, దేవదాసీలతో సహా స్త్రీలందరికీ అక్కడ పాడే హక్కుండాలని వీలునామాలో షరతు పెట్టారావిడ. ఇది పాపపరిహారమా? పాపం చేసినదెవరు, పరిహారం చెల్లించాల్సినదెవరు?

‘భ్రష్టమైపోతున్న సంగీతం’ అన్నారు కదా, దాని సంగతీ చూద్దాం. దీక్షితుల శిష్యుల్లో తిరువారూరు కమలం ఉన్నారు, ఆవిడ దేవదాసి. త్యాగయ్య, దీక్షితుల కాలపు మరో వాగ్గేయకారుడు శ్యామశాస్త్రి. ఆయన కొడుకు సుబ్బరాయశాస్త్రి దగ్గర నేర్చుకున్న తంజావూరు కామాక్షి నాట్యకత్తె. ఆవిడ మనవరాలే వీణ ధనమ్మాళ్. శ్యామశాస్త్రి కృతులు చెదరకుండా వినాలంటే విద్వాంసులంతా శుక్రవారం సాయంత్రం మద్రాసు జార్జిటౌనులో ధనమ్మాళ్ ఇంటికి వెళ్లి నిశ్శబ్దంగా కూర్చునేవారు. క్షేత్రయ్య పదాలు ఎవరింట బతికాయి? మన మువ్వగోపాలుడి పదాలను తరం నుంచి తరానికి అందించినది ఆ ఇళ్లే. ధనమ్మాళ్ మనవరాళ్లు బృంద, ముక్త పాడి ఉండకపోతే వాటిలో చాలావాటి నడక మనకు అందేది కాదు. గ్రామఫోను వచ్చిన కొత్తలో, చాలామంది పెద్ద విద్వాంసులు ఆ పెట్టె ముందు పాడటానికి జంకుతున్నప్పుడు కోయంబత్తూరు తాయి లాంటి గాయనులు పాడారు. అందుకే ఆనాటి గానం ఈనాటికీ మన చెవికి అందుతోంది. 1968లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్న మొదటి మహిళ ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ఏ ఇంటి బిడ్డ? పొద్దున్నే ఆవిడ సుప్రభాతం పెట్టుకుని, కాఫీ తాగుతూ ఈ సందేశాన్ని ముందుకు తోసేవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ఆరో అంశం, తమిళుల దొంగతనం. దీనికి నాకు కోపం కంటే బాధ ఎక్కువ. స్వామి పుట్టింది తిరువారూరు, పాడింది తిరువయ్యారు. దొంగిలించడానికి ఆయన రాజమండ్రిలో ఎప్పుడున్నారు? కావేరి ఒడ్డున ఆయన పాడిన తెలుగును ఆ ఒడ్డువాళ్లే మోశారు. స్వామి శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ తమిళనాట స్థిరపడిన సౌరాష్ట్ర సమాజం మనిషి. ఆయన, ఆయన కుమారుడు రాసి భద్రపరిచిన ప్రతులు మదురై సౌరాష్ట్ర సభలో ఉన్నాయి. బాలుస్వామి మనవడు సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే మహాగ్రంథాన్ని 1904లో అచ్చు వేశారు. ఎక్కడ? తమిళనాట ఎట్టయపురంలో. ఏ లిపిలో? తెలుగు లిపిలో! ఆ పని తలకెత్తుకునేలా ఆయనను ఒప్పించినది మద్రాసులోని చిన్నస్వామి మొదలియార్, ఆయన క్రైస్తవుడు.

మరి కృష్ణాతీరానికి త్యాగయ్య పాట ఎలా వచ్చింది? స్వామి శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య దగ్గరకు మన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి వెళ్లి నేర్చుకుని వచ్చారు. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులు గారి శిష్యుడు బాలమురళీకృష్ణ. మనవాళ్లు అక్కడికి వెళ్లి అడిగారు, వాళ్లు దాచుకోకుండా ఇచ్చారు.

అయితే ఈ అంశంలో ఒక మాట మాత్రం సందేశానిదే ఒప్పు. ‘పాడేటప్పుడు మన తెలుగును విరుస్తారు’ అన్నారు. విరుస్తారు, అది వినడం కష్టం. కొన్నేళ్ల కింద చెన్నైలో ఒక చిన్న కచేరీలో ఒక యువగాయకుడు ఖరహరప్రియ ఎత్తుకుని ‘చక్కని రాజ’ అని ఊపిరి తీసుకుని, ఆ తర్వాత ‘మార్గములుండగ’ అన్నాడు. రాజమార్గం కాస్తా చక్కని రాజుగా మారిపోయింది. నేను ఉండబట్టలేక కచేరీ అయ్యాక వేదిక దగ్గరకు వెళ్లి చెప్పాను.

అతను సంచిలోంచి నోటుపుస్తకం తీశాడు. అంతా తమిళ లిపి. ఆ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరం కాబట్టి ప్రతి అక్షరం పైన 2, 3, 4 అని చిన్న అంకెలు వేసుకున్నాడు. ‘మార్గ’లో గ పైన 3 ఉంది, ‘దూరనేల’లో ద పైన 3 ఉంది. తనది కాని భాషలో ఒక్క హల్లు తప్పకూడదని పేజీలకు పేజీలు అంకెలు. ‘రాజ’ తర్వాత ఉన్న ఖాళీ చూపించి, ఇక్కడ ఆగకూడదా అండీ అని వచ్చీరాని తెలుగులో అడిగాడు. ఆగకూడదన్నాను. పెన్సిలుతో ఆ రెండు మాటలకూ కింద ఒక విల్లులాంటి గీత గీసి కలిపాడు. తంబూరా ఇంకా పెట్టెలో పెట్టలేదు. అక్కడే నిలబడి పల్లవి మళ్లీ పాడాడు, ఈసారి ఒకే ఊపిరిలో.