గోరింటాకు ఆపింది మతం కాదు, కాన్వెంట్

ఆషాఢంలో మా అమ్మ ఊరినుంచి వచ్చి పాపకి గోరింటాకు పెట్టింది, మర్నాడే స్కూల్ డైరీలో ఎర్ర ఇంకుతో నోట్, చేతులు క్లీన్‌గా ఉంచి పంపమని. బెంగళూరులో క్యాథలిక్ సిస్టర్లు నడిపే స్కూలు, పేరు అనవసరం. సాయంత్రానికల్లా మా తెలుగు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపు అంటుకుంది. "మతం రుద్దుతున్నారండీ" అని ఒకాయన, "ఇష్టం లేకపోతే వేరే స్కూల్లో వేసుకోండి, ఎవరు వద్దన్నారు" అని ఇంకొకావిడ. నాకైతే ఇద్దరూ గురి తప్పారనే అనిపించింది.

మన ఆర్‌సీఎం వాళ్ళనే, అంటే రోమన్ క్యాథలిక్కులనే చూడండి. మా ఆఫీసులో గుంటూరు వైపు కొలీగ్ ఉన్నాడు, తాతల నాటి నుంచీ క్యాథలిక్కులు, వాళ్ళమ్మగారు శుభ్రంగా బొట్టు పెట్టుకుని చర్చికి వెళ్తారు, మాస్‌ని పూజ అనే అంటారు, ఫిబ్రవరిలో గుణదల మాత తిరనాళ్ళకెళ్ళి కొబ్బరికాయ కొట్టొస్తారు, అక్కడ తలనీలాలు ఇచ్చేవాళ్ళకీ కొదవలేదు. ఆవిడ భక్తిని వేలెత్తి చూపే ఫాదర్ ఎవరూ లేరు.

అసలు ఈ పేచీ చర్చికి కొత్తదేం కాదు. 1606లో మదురై వచ్చిన ఇటలీ జెస్యూట్ (క్యాథలిక్కుల్లో ఒక సన్యాసి సంఘం) ఫాదర్ రాబర్టో డి నోబిలి సన్యాసి వేషం కట్టి తమిళం, సంస్కృతం, తెలుగు కూడా నేర్చుకున్నాడు. క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు జంధ్యం, పిలక, గంధం ఉంచుకోవచ్చా అన్న గొడవ రోమ్ దాకా వెళ్తే, 1623లో పోప్ 15వ గ్రెగరీ షరతుల మీద సరే అన్నాడు, ఇలాంటి వాటికే చర్చి పెట్టిన పేరు మలబారు ఆచారాలు, 1744లో ఇంకో పోప్ వాటిని మళ్ళీ బిగించాడు. ఇక 1969లో ఇండియాలో మాస్ కోసం రోమ్ ఒప్పుకున్న పన్నెండు మార్పుల్లో హారతి, నూనె దీపం, చెప్పులు విడవటం, చేతులు జోడించి దణ్ణం పెట్టడం ఉన్నాయి. ఆ మార్పుల్ని భుజాన వేసుకుని తిప్పిన ఫాదర్ అమలోర్‌పవదాస్ పెట్టిన సెంటర్ ఎక్కడో కాదు, ఈ బెంగళూరులోనే, హచిన్స్ రోడ్డులో ఉంది. అంటే బలిపీఠం ముందు హారతి పట్టొచ్చు, మూడో క్లాసు పిల్ల అరచేతిలో ఎర్రచుక్క మాత్రం ఉండకూడదు!

మరి ఆ రూలు ఎక్కడిదీ అంటే, నా లెక్కలో అది కంటోన్మెంట్ రూలు, అంటే బ్రిటిష్ సైన్యం ఉన్న పేట నాటిది. ఇక్కడి సెయింట్ జోసెఫ్స్ స్కూలు ఫ్రెంచ్ మిషనరీల చేతుల్లో మొదలైంది 1858లో, ముఖ్యంగా యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లల కోసం. పాలిష్ బూట్లు, ఒట్టి చేతులు, కట్టేసిన జుట్టు, ఇంటి భాష మాట్లాడితే ఫైను, ఇదంతా సువార్త కాదు, అప్పటి దొరల బోర్డింగ్ స్కూల్ మర్యాద. దాన్నే స్కూలు తన క్యాథలిక్ గుర్తింపు అనుకుంటోంది, పేరెంట్స్ కూడా అదే అనుకుని తిడుతున్నారు.

ఇంతా చేసి మనం డబ్బు కట్టేది సరిగ్గా ఆ మర్యాద కోసమే కదా. మన ఊళ్ళల్లో ఇంగ్లీష్ మీడియం అయితే చాలు, లోపల వెంకటేశ్వరస్వామి ఫొటోకి దండేసి ఉన్నా కాన్వెంటే. మఠకన్యలు ఉండే ఇల్లు అని అర్థం ఉన్న మాట మన నోట్లో పడి ఉత్త ఇంగ్లీషు చదువు అయి కూర్చుంది. సిస్టర్ కావాలి సిలువ వద్దు, డిసిప్లిన్ కావాలి గోరింటాకు దగ్గరికొచ్చేసరికి వద్దు, ఇదీ మన బేరం (నాదీ అదే, దాచేదేముంది).

చట్టం మాటకొస్తే పెద్దగా చిక్కు లేదు. రాజ్యాంగంలో 30(1) అధికరణం మైనారిటీలకి స్కూలు నడుపుకునే హక్కు ఇచ్చింది, గుర్తింపు ఉన్న స్కూల్లో పేరెంట్ ఒప్పుకోకుండా పిల్లని మతబోధలో కూర్చోబెట్టకూడదని 28(3) చెప్తుంది. 2024లో బిషప్పుల సంఘమే వేరే మతాల పిల్లల మీద మన సంప్రదాయాలు రుద్దకండి, అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించండి అని స్కూళ్ళకి రాసింది. కానీ గోరింటాకు ఆ లెక్కలో ఎక్కడొస్తుంది? అది యూనిఫామ్ ఖాతాలో జమ అయిపోయింది, అందుకే ఎవరికీ దొరకదు.

శనివారం వెళ్ళి సిస్టర్‌ని అడిగేశా. కేరళావిడ, నవ్వేసింది. "మా ఇళ్ళల్లో పెళ్ళికి ముందురోజు మైలాంచి, అదే మీ గోరింటాకు, పెట్టకుండా ఉంటారా, మా అక్కకి నేనే పెట్టాను" అంది. మరి నోట్ ఎందుకు సిస్టర్ అంటే, పాత ప్రిన్సిపాల్ టైం నుంచీ ఉందండీ అని డైరీ నా ముందుకి తోసి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది.