హిందూపురం దాటితే చుక్కలేవీ?

దక్షిణాదిలో తరచుగా కనిపించే ఏ చిమ్మట (రాత్రి దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగు, ఇంగ్లీషులో మాత్) మ్యాప్ అయినా ఐనాచురలిస్ట్‌లో తెరిచి చూడండి. జనం తాము చూసిన జీవుల ఫోటోలు పెట్టే యాప్ అది, ఒక్కో నమోదు ఒక్కో చుక్క. బెంగళూరు మీద చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. పడమటి కనుమల పొడవునా ఇంకొన్ని ఉంటాయి. అక్కడి నుంచి చూపు కాస్త పైకి తిప్పి పెనుకొండ, ధర్మవరం, కదిరి, అనంతపురం వైపు వెళ్తే పలచబడిపోతాయి. అది చూసి "ఈ జాతి అటువైపు ఉండదు" అని తేల్చేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. అక్కడ చిమ్మటలకేం కరువు? రాత్రిపూట దీపం దగ్గర నిలబడి ఫోటో తీసి, తేదీ, ఊరు రాసిపెట్టే మనిషికే కరువు.

ఈ మాట బెంగళూరులో ఉంటున్న మన తెలుగువాళ్లకే చెప్తున్నాను. హెసరఘట్ట గడ్డిమైదానం, తురహళ్లి అడవి, బన్నేరుఘట్ట, జక్కూరు చెరువు... ఈ చోట్లన్నీ తిరిగేవాళ్లలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. తెల్ల దుప్పటి కట్టి, యూవీ లైటు పెట్టి, అర్ధరాత్రి దాకా కూర్చునే ఓపిక ఉన్నవాళ్లు. వీళ్లే సంక్రాంతికో ఉగాదికో ఊరెళ్తే కెమెరా బ్యాగులోంచి బయటికి రాదు. అడిగితే "మా ఊళ్లో ఏముంటాయన్నా, అంతా పొలాలే కదా" అంటారు.

పొలాలే కావాలి మనకు! అనంతపురం వేరుశనగ రైతుకు ఎర్ర గొంగళి పురుగు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. తొలకరి వాన పడగానే, నేలలో నెలల తరబడి కోశస్థ దశలో ఉన్నవి రెక్కల పురుగులై పైకి లేస్తాయి. ఆ రాత్రుల్లో గట్ల మీద మంటలు వేస్తే వచ్చి పడతాయని వాళ్లకు తెలుసు. ఆముదం ఆకును దాసరి పురుగు ఎలా జల్లెడ చేస్తుందో, ఏ నెలలో ఎక్కువో తెలుసు. బెంగళూరులో అదే దాసరి పురుగు పెరిగి రెక్కలొచ్చాక దుప్పటి మీద వాలితే, మనం లాటిన్ పేరు రాసి అప్‌లోడ్ చేస్తాం. గొంగళి దశ రైతుకు తెలుసు, రెక్కల దశ మనకు తెలుసు. ఈ రెండూ కలిసి ఒకచోట నమోదైతే ఆ జాతి ఏ మొక్క మీద, ఏ వాన తర్వాత, ఏ మండలంలో బతుకుతోందో తెలుస్తుంది. ఇప్పుడైతే రైతు తెలివి ఆయన దగ్గరే ఉండిపోతోంది, మన ఫోటో మన దగ్గరే ఉండిపోతోంది.

ఇదేదో సరదా వ్యవహారం అనుకునేవాళ్లకు కత్తెర పురుగును గుర్తు చేస్తాను. అదీ ఒక చిమ్మట గొంగళే, అమెరికా ఖండాల పురుగు. 2016లో ఆఫ్రికాలో కనిపించింది. 2018 మే నెలలో మన దేశంలో మొదటిసారి శివమొగ్గ జిల్లా మొక్కజొన్నలో పట్టుబడింది. ఆ ఏడాది గడవకముందే ఆంధ్రా, తెలంగాణ మొక్కజొన్న చేలల్లోకి వచ్చేసింది. కొత్తగా వచ్చినదాన్ని కొత్తదని గుర్తుపట్టాలంటే, పాతవి ఏమేం ఉన్నాయో ముందే రాసిపెట్టి ఉండాలి కదా. మన జిల్లాలకు ఆ పాత లెక్క ఎక్కడుంది?

లేకపోవడానికి కారణం చాలా పాతది. మన దేశపు చిమ్మటల గురించి జార్జ్ హాంప్సన్ 1892 నుంచి 1896 వరకు నాలుగు సంపుటాలు రాశాడు. ఆయన నీలగిరుల్లో టీ తోటలు చూసుకున్న మనిషి. ఆ సంపుటాల్లో నీలగిరులు, సిక్కిం, ఖాసీ కొండలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. తెల్లవాళ్లు చల్లగా ఉండగలిగిన చోట్లవి. నూట ముప్పై ఏళ్లు దాటాయి, మన తీరు మారలేదు. ఇప్పుడూ చుక్కలు పడేది మనం సెలవులకు వెళ్లే కూర్గులో, మున్నారులో. తంగేడు, రేల, బలుసు చెట్లున్న ఎండు గుట్టలకు ఎవరూ వెళ్లరు. ఈ దేశంలో సీతాకోకచిలుకలు 1,300 జాతులకు కాస్త పైన ఉంటే, చిమ్మటలు 10,000కు పైనే ఉన్నాయి. ఆ ఎండు గుట్టల మీద వాటిలో ఎన్ని ఉన్నాయో చూసినవాళ్లే తక్కువ.

బ్రిటన్‌లో ఈ పని ఎలా చేశారో చూడండి. 2019లో బ్రిటన్, ఐర్లండ్‌లకు కలిపి పెద్ద చిమ్మటల అట్లాస్, అంటే ఏ జాతి ఎక్కడ ఉందో చూపే పటాల పుస్తకం తెచ్చారు. 893 జాతులు, రెండున్నర కోట్లకు పైగా నమోదులు, అందులో ఎక్కువ భాగం జీతం లేకుండా పనిచేసిన మామూలు మనుషులవి. దాని పక్కనే ఇంకో పని కూడా జరిగింది, నాకు అది మరీ ముఖ్యం. రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థవాళ్లు 1968 నుంచి దేశమంతటా దీపపు ఎరలు పెట్టి, ఒకే రకం బల్బుతో, ప్రతి రాత్రీ లెక్క రాయిస్తున్నారు. ఏమీ పడని రాత్రినీ రాస్తారు. అందుకే యాభై ఏళ్లలో పెద్ద చిమ్మటల సంఖ్య 33 శాతం తగ్గిందని అంకెతో సహా చెప్పగలిగారు. మన ఊళ్లలో పెద్దవాళ్లు "ఇదివరకు ట్యూబ్‌లైటు చుట్టూ ఎన్ని పురుగులో, ఇప్పుడేవీ" అంటారు. వాళ్లు చూసిందే చెప్తున్నారు. కానీ ఎంత తగ్గిందని అడిగితే జవాబు చెప్పే కాగితం మన దగ్గర లేదు.

మనవాళ్లకు చేతకాని పని కూడా కాదిది. కేరళలో 2015 నుంచి 2020 వరకు వెయ్యిమందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు రాష్ట్రాన్ని గళ్లుగా విడగొట్టుకుని, ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి వెళ్లి పక్షుల అట్లాస్ తయారు చేశారు. ఏ గడికి వెళ్లాలో ముందే నిర్ణయమైపోయింది. తమకు నచ్చిన చోటికి కాదు, తమ వంతుకు వచ్చిన చోటికి వెళ్లారు. చుక్కల కుప్పకూ అట్లాస్‌కూ తేడా అక్కడే ఉంది.

ఇంకో రెండు విషయాలు కూడా మనసులో ఉంచుకోలేను. ఊళ్లో తమ్ముడు తీసిన ఫోటోను వాట్సాప్‌లో తెప్పించుకుని ఇక్కడ మారతహళ్లిలో కూర్చుని అప్‌లోడ్ చేస్తారు. వాట్సాప్‌లో వచ్చేసరికి ఫోటోలోని తేదీ, స్థలం పోతాయి. అప్పుడు తామున్న చోటే పెట్టేస్తారు. కదిరి చిమ్మట మారతహళ్లి చిమ్మటైపోతుంది. తప్పు చుక్క కంటే ఖాళీయే నయం, ఖాళీని రేపు ఎవరైనా నింపుతారు. రెండోది, యాప్ సూచించిన పేరును చూడకుండా ఒప్పుకోవడం. ఇద్దరు ఒకే జాతి పేరు చెప్తే చాలు, ఆ నమోదు రీసెర్చ్ గ్రేడ్ (పరిశోధనకు పనికొచ్చే స్థాయి) అయిపోయి పరిశోధకుల దాకా వెళ్లిపోగలదు. చిమ్మటల్లో చాలా జాతులను ఫోటో చూసి తేల్చలేం, జననాంగాలు కోసి చూస్తేగానీ తెలియవు. స్నేహితుడు పెట్టాడు కదా అని "అగ్రీ" నొక్కడం స్నేహం కాదు.

ఈసారి ఊరెళ్లినప్పుడు ఇది చేయండి. వసారా బల్బు సరిపోతుంది, యూవీ లైటు అక్కర్లేదు. వెలిగించిన సమయం, ఆర్పిన సమయం ఒక కాగితం మీద రాయండి. వచ్చినవన్నీ తీయండి, అందమైనవే ఏరుకోకండి. బూడిదరంగు చిన్నవాటిని అసలు వదలకండి. ఏమీ రాకపోతే "ఏమీ రాలేదు" అని రాయండి. పగలు నందివర్ధనం మీద పచ్చటి లావు పురుగు కనిపిస్తే దాన్నీ, అది తింటున్న ఆకునూ కలిపి తీయండి. ఏ చెట్టో అమ్మనో జేజినో అడిగితే చెప్తారు. పురుగు పేరు తెలియకపోతే చిమ్మట అని మాత్రం పెట్టి వదిలేయండి, తెలిసినవాళ్లు తర్వాత చెప్తారు. ఊరి పేరు, తేదీ మాత్రం మీరు తప్ప ఇంకెవరూ చెప్పలేరు.