సవరణ: బ్రూజ్ తిమింగలం గురించి

బెల్జియంలోని బ్రూజ్‌లో 2018లో పెట్టిన ప్లాస్టిక్ తిమింగలం గురించి మొన్న రాస్తూ, అది అక్కడి తీరంలో ఏరిన చెత్తతో చేసిందని, చూసేవాళ్లు చేత్తో తాకి ఆడుకోవచ్చని రాసేశాను. రెండూ తప్పే. ఆ 5 టన్నుల ప్లాస్టిక్ పసిఫిక్‌ది, హవాయిలో తీరాలు శుభ్రం చేసేవాళ్లు ఏరింది. నీలం, తెలుపు ప్లాస్టిక్ సామాన్లు ఒకదానిమీద ఒకటి అతుక్కుని, ఆ తిమింగలం నాలుగంతస్తుల ఎత్తున నీళ్లలోంచి ఎగిరినట్టు ఉండేది. అది కాలువలో ఉండేది కాబట్టి ఒడ్డున నిలబడి చూడటమే, తాకడం ఎక్కడ కుదిరేది?

జనం చెయ్యి పడ్డ పని కావాలంటే నేను చెప్పాల్సింది మార్గరెట్, క్రిస్టీన్ వర్ట్‌హైమ్ అనే అక్కాచెల్లెళ్లు 2005లో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టిన క్రోషియా పగడపు దిబ్బ. వరసవరసకీ కుట్లు పెంచుకుంటూ పోతే అల్లిక దానంతటదే కుచ్చిళ్లు పడి అచ్చం పగడంలా తిరుగుతుంది (మా అమ్మమ్మ అల్లిన టీవీ కవరు అంచు గుర్తొచ్చింది). అందులో ఒక దిబ్బలో దారంతో పాటు ప్లాస్టిక్ చెత్త కూడా అల్లారు. చాలా ఊళ్లలో మామూలు జనమే కూర్చుని తమ దిబ్బలు తాము అల్లుకున్నారు.

పాత పోస్టు షేర్ చేసినవాళ్లు ఇది కూడా జత చేయండి, సారీ.