కొవాచిత్సా అంటే బొమ్మల ఊరు మాత్రమే కాదు

సెర్బియాలోని కొవాచిత్సాను మీరు రాసిన వ్యాసంలో ‘స్లొవాకుల చిత్రకళా గ్రామం’ అని పరిచయం చేశారు. బాగుంది, కానీ అది సగం మాటే. కొవాచిత్సా పేరుతో ఒక మునిసిపాలిటీ కూడా ఉంది, అందులో ఎనిమిది ఊళ్లు. కొవాచిత్సా, పదీనాల్లో స్లొవాకులు ఎక్కువ. దెబెల్యాచాలో హంగేరియన్లు, ఉజ్దిన్‌లో రొమేనియన్లు, మిగతా చోట్ల సెర్బులు. మొత్తం మీద స్లొవాకులే ఎక్కువ, అయినా సగానికి తక్కువే. అధికార భాషలు నాలుగు. ఇంత చిన్న చోట నాలుగు భాషల్లో పాలన అంటే ఎంత ఓపిక కావాలో!

స్లొవాకులు ఇక్కడికి 1802లో వచ్చి స్థిరపడ్డారు. 1939లో ఇద్దరు రైతులు బొమ్మలు వేయడం మొదలుపెట్టారు, ఆ కళే 2024లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది. నాకు కొవాచిత్సా చిత్రకారుడు మార్టిన్ యోనాష్ చిత్రాలంటే ప్రాణం. రైతుకు చిన్న తల, పెద్ద పెద్ద చేతులు, పాదాలు. ఆయన స్వయంగా పొలం దున్నినవాడు కాబట్టే అలా గీయగలిగాడు. ఉజ్దిన్ రొమేనియన్ మహిళలు కూడా ఇలాంటి బొమ్మలు వేశారు, మీ వ్యాసంలో వాళ్ల ప్రస్తావన లేకపోవడం బాధ కలిగించింది. శాస్త్రవేత్త మిహైలో పుపిన్ పుట్టిన ఇద్వోర్ కూడా ఈ మునిసిపాలిటీలోదే.

నాకు నిజంగా టెన్షన్ కలిగించేది మునిసిపాలిటీ జనాభా తగ్గిపోవడం. 2011లో సుమారు 25 వేలు, 2022కి 21 వేల చిల్లర. పిల్లలే లేకపోతే నాలుగు భాషల బడులు ఎలా నడుస్తాయి? దీని గురించి మరో వ్యాసం రాయండి, దయచేసి.